పేస్‌మేకర్ పెట్టిన చోట చీము పట్టినప్పుడు: ఒక గుండె విభాగం సేవపై సమీక్ష

పేస్‌మేకర్ అమర్చే ఆసుపత్రులు గోదావరి జిల్లాలకు ఇప్పుడు కొత్త కాదు. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వంటి ఊళ్లలో క్యాథ్‌ల్యాబ్ (రక్తనాళం గుండా గుండెకు చికిత్స చేసే గది) ఉందని చెప్పే బోర్డులు బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. అయితే, పెట్టిన పేస్‌మేకర్ చుట్టూ ఇన్‌ఫెక్షన్ వస్తే దాన్ని సకాలంలో గుర్తుపట్టి, పరికరాన్ని వైర్లతో సహా బయటికి తీసి, రోగిని క్షేమంగా ఇంటికి పంపగల విభాగం ఎక్కడుందో తెలుసుకోవాలంటే మాత్రం పదిమందిని వాకబు చేయవలసి వస్తుంది. మా మావయ్యగారి విషయంలో ఈ రెండు రకాల సేవలనూ దగ్గరుండి చూశాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాటరీ మార్చింది మాకు దగ్గరలోని పట్టణంలో ఉన్న ఒక ఆసుపత్రి. ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స చేసింది గుండె శస్త్రచికిత్స విభాగం కూడా ఉన్న ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రి. రెండింటి పేర్లూ రాయడం లేదు. ఎక్కడికి వెళ్లినా ఏం గమనించాలో, ఏం అడగాలో తెలిస్తే చదివేవారికి అదే ఎక్కువ ఉపయోగం.

మావయ్యగారిది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరితోట, కొద్దిగా వరి. వయసు డెబ్బై దాటింది, షుగరు ఉంది, గుండె లయ తప్పే జబ్బు వల్ల రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్రలు కూడా వాడుతున్నారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం అందని హార్ట్ బ్లాక్ వల్ల ఒకనాడు తోటలోనే స్పృహ తప్పి పడిపోవడంతో, చాలా ఏళ్ల క్రితమే ఆయనకు పేస్‌మేకర్ పెట్టారు. ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల చిన్న చోటు చేసి, సుమారు పాతిక ముప్ఫై గ్రాముల బరువుండే లోహపు పెట్టెను అక్కడ ఉంచి, దాని నుంచి రక్తనాళం గుండా గుండె కుడి గదుల్లోకి సన్నని వైర్లను పంపుతారు. వైద్యులు ఆ చోటును పాకెట్ అంటారు. బ్యాటరీ సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. అది అయిపోయినప్పుడు పెట్టెను మాత్రం మార్చి, పాత వైర్లకే కొత్త పెట్టెను తగిలిస్తారు. శరీరంలో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి పెట్టినప్పుడు అది కొన్ని గంటలకే ఆగిపోయింది. ఆ తరువాత ఆయనకు ఇరవైకి పైగా పరికరాలు మార్చారు, ఆయన 2001 వరకు జీవించారు. కనుక మార్పిడి అన్నది ఈ వైద్యంలో మొదటి నుంచీ ఉన్నదే.

ఇబ్బంది ఎక్కడంటే, "బ్యాటరీ మార్చడమే కదా" అని ఇంటిల్లిపాదీ తేలిగ్గా తీసుకునే ఈ చిన్న ఆపరేషన్‌లోనే ఇన్‌ఫెక్షన్ ముప్పు మొదటిసారి అమర్చినప్పటి కంటే ఎక్కువ. పాత పాకెట్ చుట్టూ ఏర్పడిన గట్టి పొరకు రక్త ప్రసరణ తక్కువగా ఉంటుంది, అందువల్ల అక్కడ చేరిన క్రిమిపై శరీరం సరిగా పోరాడలేదు. షుగరు, కిడ్నీ జబ్బు, రక్తం పలుచబడే మందులు, ఆపరేషన్ ముందు రోజు జ్వరం, ఇవన్నీ ముప్పును పెంచుతాయి. మా పట్టణ ఆసుపత్రిలో సంతకం పెట్టించుకున్న కాగితంలో ఇన్‌ఫెక్షన్ అనే మాట ఉన్నది నిజమే. కానీ దాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు.

ఆ ఆసుపత్రికి దక్కవలసిన మార్కులు ముందు ఇస్తాను. గది శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు, కత్తి పెట్టే ముందు గంట లోపల ఇవ్వవలసిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చినట్టు కేసు షీటులో సమయంతో సహా రాసి ఉంది. లోపం మందుల దగ్గర జరిగింది. వార్ఫరిన్ ఆపి, ఆ నడుమ రోజుల్లో రక్తం పలుచబడడానికే వాడే హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇది పాత పద్ధతి. వార్ఫరిన్‌ను ఆపకుండానే ఆపరేషన్ చేసినవారిలో 3.5 శాతం మందికి పాకెట్‌లో చెప్పుకోదగ్గ రక్తపు గడ్డ ఏర్పడితే, ఆపి హెపారిన్ ఇచ్చినవారిలో 16 శాతం మందికి ఏర్పడిందని కెనడా వైద్యులు నడిపిన బ్రూజ్ కంట్రోల్ అధ్యయనం 2013లోనే తేల్చింది. అటువంటి గడ్డ ఏర్పడినవారికి ఆ తరువాతి ఏడాదిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని అదే బృందం తరువాత చూపించింది. మావయ్యగారికి జరిగింది అక్షరాలా అదే. మూడో రోజుకే పెట్టె మీద చర్మం నల్లగా కమిలి, ఉబ్బి, చెయ్యి వేస్తే అదిరిపడేంత నొప్పి పుట్టింది.

అప్పుడు వాళ్లు చేసిన పని మీద నాకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది. వాపు తగ్గడానికని సూదితో గుచ్చి కొంత నల్లటి రక్తం లాగారు. పేస్‌మేకర్ పాకెట్‌లో సూది పెట్టకూడదన్నది ఈ వైద్యంలో గట్టిగా చెప్పే నియమం, ఎందుకంటే అంతవరకు శుభ్రంగా ఉన్న గడ్డలోకి చర్మం మీది క్రిమిని సూదే తీసుకుపోగలదు. చర్మం చిట్లిపోయేంత బిగువుగా ఉబ్బితేనో, నొప్పి భరించలేకపోతేనో థియేటర్‌లో తెరిచి శుభ్రం చేస్తారు తప్ప పడక మీద సూది గుచ్చరు. సూది తరువాత వారం రోజుల యాంటీబయాటిక్ మాత్రలు రాసి పంపారు. మళ్లీ వచ్చి చూపించుకోవలసిన తేదీ కాగితం మీద ఉంది కానీ, ఏ లక్షణం కనిపిస్తే ఆ తేదీ వరకు ఆగకూడదో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

ఆ తరువాతి కథ మా ప్రాంతంలో ఎవరికైనా తెలిసినదే. కుట్లు మానాయి, కమిలిన మచ్చ తగ్గింది, అంతా బాగుందనుకున్నారు. నెలలు గడిచి ఎండలు ముదిరాక పెట్టె మూల దగ్గర చర్మం ఎర్రబడింది. మా అత్తయ్యగారు మామిడిపళ్ల వేడికి లేచిన సెగగడ్డ అనుకుని పసుపు, వేపాకు నూరి పట్టు వేశారు. కండువా ఒరుసుకుని అలా అయిందని ఇరుగుపొరుగు అన్నారు. సాయంత్రం పూట చలి, జ్వరం మొదలైనప్పుడు ఊళ్లోని ఆర్‌ఎంపీ గారు టైఫాయిడ్ పరీక్ష చేయించి, అది కొంచెం అటూ ఇటూగా రావడంతో సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశారు. జ్వరం తగ్గింది, మందులు ఆపగానే తిరిగి వచ్చింది. ఆర్‌ఎంపీ గారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ పేస్‌మేకర్ ఉన్న మనిషికి కారణం తేలని జ్వరం వస్తే, రక్తాన్ని కల్చర్‌కు, అంటే అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు, తీయకముందు యాంటీబయాటిక్ వేస్తే క్రిమి రక్తంలో తాత్కాలికంగా కనిపించకుండా పోతుంది, జబ్బు మాత్రం వైర్ల మీద అలాగే ఉంటుంది. పాకెట్ పైకి ఏ మార్పూ లేకుండా జ్వరం, చెమటలు, బరువు తగ్గడం మాత్రమే ఉండే రోగులూ ఉంటారు. వైర్ల మీది క్రిమి ముద్దలు విడిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరితే దగ్గు, ఆయాసం వస్తాయి, ఎక్స్‌రే చూసినవారు న్యుమోనియా అనుకుంటారు.

ఇక నగరంలోని ఆసుపత్రి సంగతి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే దక్కాలి. ఓపీలో గంటల తరబడి కూర్చోబెట్టారు, అది నిజం. అయితే పేస్‌మేకర్ విభాగంలోని నర్సు చొక్కా గుండీ విప్పించి ఆ చోటు చూసిన క్షణం నుంచి పని నడిచిన తీరు వేరు. పెట్టె మూల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి మెరుస్తోంది. వేలితో కదిపితే చర్మం పెట్టెను అంటుకుపోయి విడిగా జరగడం లేదు. ఆమె ఎరుపు ఎంతవరకు ఉందో అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాసి, ఫొటో తీసింది. "తాతగారూ, ఈ రెండ్రోజుల్లో ఏమన్నా ఇంజెక్షన్ వేయించుకున్నారాండీ?" అని అడిగి, ఆయన "లేదండి, ఆపేశాం" అన్నాకే డాక్టరుగారికి ఫోను చేసింది. మందేదీ మొదలుపెట్టకుండా ముందు రెండు చేతుల నుంచీ విడివిడిగా, ప్రతిసారీ చర్మాన్ని మందుతో తుడిచి అది ఆరే దాకా ఆగి, కల్చర్ సీసాల్లోకి రక్తం తీశారు. ఒక్క చేతి నుంచి ఒక్క సీసా తీస్తే అందులో పెరిగిన క్రిమి చర్మం మీదిదో రక్తంలోదో తేలదని ఆమె మాకు వివరించింది కూడా. పాకెట్ జోలికి సూది రాలేదు.

మర్నాడు గొంతు గుండా గొట్టం పంపి చేసే ఎకో చేశారు. ఛాతీ మీద జెల్ రాసి చేసే మామూలు ఎకోలో వైర్ల మీది చిన్న ముద్దలు, కవాటాల మీది పెరుగుదలలు తప్పిపోయే అవకాశం ఎక్కువ, అన్నవాహిక గుండెకు ఆనుకునే ఉంటుంది కనుక అటు నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తాయి. ఎటూ తేలని రోగులకు పెట్ సీటీ స్కాన్ కూడా తోడ్పడుతుందట, మాకు ఆ అవసరం రాలేదు. వైర్ల మీద గానీ కవాటాల మీద గానీ ఏమీ లేదు. కానీ రెండు చేతుల నుంచీ తీసిన రక్తంలో ఒకే రకం స్టెఫైలోకాకస్ పెరిగింది. పేస్‌మేకర్ ఇన్‌ఫెక్షన్లలో అధిక భాగం ఈ కుటుంబపు క్రిముల వల్లే వస్తాయి. వాటిలో ఆరియస్ రకం వేగంగా, తీవ్రంగా దాడి చేస్తుంది. చర్మం మీద మామూలుగా నివసించే ఎపిడెర్మిడిస్ వంటివి నెలల తరబడి నివురుగప్పి ఉంటాయి. మావయ్యగారిది రెండో రకం.

డాక్టరుగారు కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పిన విషయం ఒక్కటే: పెట్టె, వైర్లు, మొత్తం బయటికి రావాలి. మా బావమరిది వెంటనే, "మందులు గట్టిగా వాడితే తగ్గదాండీ? పెట్టె ఒక్కటీ కడిగి అటు పక్క పెడితే?" అని అడిగాడు. లోహం మీద, ప్లాస్టిక్ మీద చేరిన ఈ క్రిములు తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయనీ, రక్తంలో తిరిగే యాంటీబయాటిక్ ఆ పొరలోకి సరిపడా చేరదనీ, పెట్టె మార్చి వైర్లు ఉంచితే కొన్నాళ్లకు అదే చీము తిరిగి వస్తుందనీ ఆయన ఓపికగా చెప్పారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనూ, గుండె లయ వైద్యుల సంఘం 2017లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేది ఇదే. అంత స్పష్టంగా రాసి ఉన్నా, అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా రికార్డులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇన్‌ఫెక్షన్ వచ్చినవారిలో అయిదో వంతు మందికి కూడా నెల లోపల పరికరం తీయలేదని తేలింది. తీసినవారిలో, అందులోనూ త్వరగా తీసినవారిలో, మరణాలు తక్కువ. కనుక ఆలస్యం మన పల్లెల జబ్బు మాత్రమే అనుకోనవసరం లేదు. ఒక మినహాయింపు కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో కుట్టు దగ్గర చర్మం పైపొరలో మాత్రమే చిన్న చీము పొక్కు వస్తే, అది పాకెట్‌తో కలవలేదని నిర్ధారించుకుని, 7 నుంచి 10 రోజులు మాత్రలిచ్చి దగ్గరగా గమనిస్తారు. ఆ నిర్ధారణ పేస్‌మేకర్ వైద్యుడిది, మెడికల్ షాపుది కాదు.

వైర్లు తీయడం గురించి ఈ ఆసుపత్రి దాచకుండా మాట్లాడింది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఏడాది దాటిన వైరు రక్తనాళపు గోడకు, గుండె గోడకు మచ్చకణజాలంతో అతుక్కుపోతుంది. ఊరికే లాగితే రాదు, బలంగా లాగితే నాళం చీలుతుంది. అందుకే వైరు లోపలికి తాళం పడే సన్నని తీగను పంపి, పైనుంచి తిరిగే గొట్టంతో గానీ లేజర్ గొట్టంతో గానీ అతుకులను కొంచెం కొంచెంగా విడదీస్తూ తెస్తారు. అనుభవం ఉన్న చోట ప్రాణహాని నూటికి ఒకటి కంటే తక్కువే అయినా, పై మహాసిర చీలితే నిమిషాల్లో ఛాతీ తెరవవలసి వస్తుంది. అందువల్ల గుండె సర్జను అదే భవనంలో సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఇక్కడ సర్జనుగారు ముందురోజే వచ్చి మావయ్యగారిని చూసి, రక్తం ఎన్ని సీసాలు సిద్ధం చేశారో కూడా మాకు చెప్పి వెళ్లారు.

మావయ్యగారికి సొంత గుండె లయ చాలా తక్కువ కనుక పేస్‌మేకర్ లేకుండా గంట కూడా ఉంచలేరు. మెడ కుడివైపు నుంచి మరొక వైరు పంపి, చర్మం బయట ఒక పెట్టెకు తగిలించి, పారదర్శకమైన పట్టీతో అతికించారు. ఆ పెట్టెతోనే ఆయన వార్డులో అటూ ఇటూ నడిచేవారు. "ప్రాణం మెడకి కట్టుకుని తిరుగుతున్నానండీ, ఆయ్" అని పక్క మంచం వారితో నవ్వుతూ అనేవారు. రక్తనాళంలోకి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినన్నాళ్లూ కిడ్నీ పరీక్షలు, మందు మోతాదు పరీక్ష క్రమం తప్పకుండా చేశారు. పరికరం తీశాక మందులు ఎన్నాళ్లన్నది జబ్బు ఎంతవరకు పాకిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పాకెట్ వరకే అయితే 10 నుంచి 14 రోజులు, రక్తంలో క్రిమి ఉండి ఎకో శుభ్రంగా ఉంటే కనీసం రెండు వారాలు, కవాటాలకు పాకితే 4 నుంచి 6 వారాలు. మావయ్యగారికి రెండు వారాలతో సరిపోయింది.

కొత్త పేస్‌మేకర్ పెట్టే ముందు "అసలు ఇంకా అవసరమా?" అన్న ప్రశ్నను వాళ్లు కొత్తగా వేసుకున్నారు. కొందరికి అవసరమే ఉండదు, వాళ్లకు మళ్లీ పెట్టనక్కరలేదు. మావయ్యగారికి తప్పదు. పాత పరికరం తీసిన తరువాత చేసిన రక్తపు కల్చర్లలో 72 గంటలపాటు ఏమీ పెరగలేదని చూసుకున్నాకే కుడి వైపు కొత్తది అమర్చారు. ఈసారి పెట్టె చుట్టూ యాంటీబయాటిక్ పూసిన, శరీరంలోనే కరిగిపోయే వల తొడుగు వాడారు. దాదాపు 7,000 మందిపై జరిగి 2019లో వెలువడిన ర్యాప్-ఇట్ అధ్యయనంలో ఈ తొడుగు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లను సుమారు 40 శాతం తగ్గించింది. ఖరీదు ఎక్కువ కనుక ముప్పు ఎక్కువున్నవారికే వాడతామని వాళ్లే చెప్పారు, బిల్లు కోసం అందరికీ తగిలించడం లేదు. వార్ఫరిన్ ఆపలేదు, మధ్యలో హెపారిన్ ఇవ్వలేదు.

లోపాలు లేవని కాదు. డిశ్చార్జి కాగితం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంది, ఏ లక్షణం వస్తే తిరిగి రావాలో తెలుగులో ఒక పేజీ అడిగితే అచ్చు వేసింది లేదన్నారు. చివరికి ఆ నర్సే ఒక తెల్లకాగితం మీద చేత్తో రాసి ఇచ్చింది. పెట్టె మీద చర్మం ఎర్రబడడం, వేడి, నొప్పి, నీరు కారడం, చర్మం పలచబడి పెట్టె అంచు తెలియడం, కుట్టు విచ్చుకోవడం, కారణం లేని జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పట్టు వేయకుండా, గిల్లకుండా, యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా రావాలని. పెట్టె కొసంత బయటికి కనిపించినా, చీము లేకపోయినా, మొత్తం వ్యవస్థకు ఇన్‌ఫెక్షన్ సోకినట్టే లెక్క అని కింద రెండు గీతలు గీసి మరీ రాసింది. పన్ను పీకించుకునే ముందు పేస్‌మేకర్ కోసమని విడిగా యాంటీబయాటిక్ అక్కరలేదన్నది కూడా అందులోనే ఉంది, ఆ భయం మా ఊళ్లో చాలామందికి ఉంది.

ఖర్చుల దగ్గర మరికొంత స్పష్టత ఉండవలసింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న ఆరోగ్యశ్రీలో ఏది వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అన్నది ఆరోగ్యమిత్ర దగ్గర ఒకలా, బిల్లింగ్ కౌంటరు దగ్గర మరోలా చెప్పారు. పరికరం తీయడానికి, తాత్కాలిక పెట్టెకు, కొత్త పేస్‌మేకర్‌కు, తొడుగుకు విడివిడిగా అంచనా రాయించుకుని చేరడం మంచిది. రోగితో ఉండేవారికి పడుకునే చోటు నామమాత్రం.

కోనసీమ నుంచి రాత్రివేళ జ్వరంతో ఒక మనిషిని కారులో ఎక్కించుకుని బయలుదేరాలా, తెల్లారేదాకా ఆగవచ్చా అని అడగడానికి పేస్‌మేకర్ విభాగానికి నేరుగా ఒక ఫోను నంబరు లేదు. రిసెప్షన్‌కు చేస్తే ఎమర్జెన్సీకి కలుపుతారు, అక్కడివారు వచ్చేయమంటారు తప్ప కల్చర్ తీసేదాకా మందు వేయవద్దన్న మాట చెప్పరు. వైద్యానికి అయిదుకు అయిదు నక్షత్రాలు ఇవ్వవచ్చు. ఆ నంబరు, ఆ తెలుగు పేజీ వచ్చేదాకా సేవకు నాలుగే ఇస్తున్నాను.